రాత్రి గట్టు మీదకి ఎవరైనా వస్తారా?

ప్రశ్న: లాయరుగారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు, నాకు 26 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక డ్రోన్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మూడేళ్లుగా కొబ్బరి తోటల మీద డ్రోన్ ఎగరేసి, ఫొటోల్లో ఏ చెట్టుకి తెల్లదోమ పట్టిందో గుర్తుపట్టే ప్రోగ్రాం చేశాను. వానకి తడిసిన ఆకు మెరిస్తే దాన్నీ తెల్లదోమ అనేసేది, అది సరిచెయ్యడానికే ఏడాది పట్టింది. ఇప్పుడు కంపెనీకి రక్షణ రంగం పని వచ్చింది. అదే పద్ధతిలో మనుషుల్ని గుర్తుపట్టి, ఎవరి అనుమతీ అడగకుండా డ్రోన్ తనంతట తానే దాడి చెయ్యాలట. నన్ను ఆ టీంలో వేశారు. మా పెదనాన్నగారు ఆర్మీలో సుబేదారుగా రిటైరయ్యారు. "మన పిల్లలు చావకుండా మిషను పోరాడితే మంచిదేగా, దానికి కోపం రాదు, పగ ఉండదు, భయపడి పిచ్చిగా కాల్చదు" అంటారు. నా రూమ్మేట్ "అది హత్య చేసే మిషను, నువ్వెలా చేస్తావ్" అంటోంది. మా మేనేజర్ "మనం సాఫ్ట్‌వేర్ ఇస్తాం, వాడేది వాళ్లు, మనకేం సంబంధం" అంటున్నారు. చట్టం ఏమంటుంది? రేపు ఏదైనా జరిగితే నా మీదకి వస్తుందా? మానేద్దామంటే తమ్ముడి చదువు, ఇంటి లోను ఉన్నాయి. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక ఇంజనీరు, కోనసీమ

సమాధానం: అమ్మాయ్, ముందు ఒక జాగ్రత్త చెప్పి అసలు విషయానికి వస్తాను. నువ్వు చేస్తున్నది రక్షణ శాఖ పని కాబట్టి ఆ ప్రోగ్రాం ఎలా నడుస్తుంది, ఎవరికిస్తున్నారు, ఎన్ని ఇస్తున్నారు అన్నది ఎవరికీ రాయకు, నాక్కూడా రాయకు, వాట్సాప్‌లో అసలే వద్దు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. నీ ఉత్తరంలో రెండు మూడు వివరాలు నేనే తీసేసి పైన వేశాను.

నీ ఉత్తరం చదవగానే నాకు యుద్ధాలేమీ గుర్తు రాలేదు, మన వైపు జరిగిన ఒక కేసు గుర్తొచ్చింది. నేను అమలాపురంలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మాట. దాళ్వా వరి, అంటే రెండో పంట, పొట్ట మీద ఉంది, ఆ ఏడు ఎలుకలు విపరీతంగా పడ్డాయి. ఒక కౌలు రైతు, ఎవరి జోలికీ పోని మనిషి, బుట్టలు పెట్టి పెట్టి విసిగిపోయి చేను చుట్టూ జానెడు ఎత్తున ఇనప తీగ లాగించి, మోటారు షెడ్డులోంచి దానికి కరెంటిచ్చాడు. రాత్రి పదింటికి స్విచ్ వేసి ఇంటికెళ్లి పడుకున్నాడు. అప్పుడు కాలవ నీళ్లు వంతులవారీగా వదులుతున్నారు. పక్క చేను కుర్రాడికి ఆ రోజు వంతు తెల్లవారుజామున మూడింటికి వచ్చింది. పార భుజాన వేసుకుని చీకట్లో గట్టు మీద నడిచొచ్చి, చేలోకి నీళ్లు పారే బోదె తెరవడానికి వంగి తీగ మీద పడ్డాడు. పోలీసులు తీసిన ఫొటో కేసు కాగితాల్లో ఉండేది. కుర్రాడి చేతికి రెండడుగుల దూరంలో, అదే తీగ కింద, మూడు ఎలుకలు చచ్చి పడున్నాయి.

నేను ఆ రైతు తరఫు లాయర్ని. "ఎలకల కోసం పెట్టానండి, మనిషి కోసం కాదండి" అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అబద్ధం కాదది. అతను అక్కడ లేడు, ఆ కుర్రాడితో గొడవ లేదు, చంపాలనే ఉద్దేశం లేదు. అవన్నీ వాదించాను, నిలబడలేదు. సుప్రీంకోర్టు 1963లోనే ఒక బీహార్ కేసులో తేల్చేసింది. తన మరుగుదొడ్డికి పక్కింటివాళ్లు రాకుండా దారిలో కరెంటు తీగ కట్టిన మనిషిది ఆ కేసు. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన చంపేసే ఏర్పాటు పెట్టే హక్కు ఎవరికీ లేదని, తీగ కట్టినవాడే బాధ్యుడని చెప్పి శిక్ష ఖాయం చేసింది. మా రైతుకీ శిక్ష పడింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు చెప్పే ఆయుధానికి మూలరూపం ఆ తీగే. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ఇచ్చే అర్థం ఇదీ: ఒకసారి ఆన్ చేశాక, ఎవరి మీద ప్రయోగించాలో మనిషి జోక్యం లేకుండా తనే ఎంచుకుని తనే ప్రయోగించే ఆయుధం. ఆ లెక్కన మందుపాతర కూడా ఈ కుటుంబంలోదే. మందుపాతరలు యుద్ధం ముగిసిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా పశువుల కాపర్ల కాళ్లు, పిల్లల కాళ్లు తీశాయి కాబట్టే మనుషుల మీద పెట్టే మందుపాతరల్ని నిషేధిస్తూ 1997లో ఒప్పందం వచ్చింది. అందులో మన దేశం చేరలేదు, అమెరికా, చైనా, రష్యా, పాకిస్తాన్ కూడా చేరలేదు.

తీగకి కళ్లు లేవు, మన డ్రోన్‌కి ఉన్నాయి అంటారేమో మీ ఆఫీసులో. నిజమే, నీది కళ్లున్న తీగ. కానీ ఆ కళ్లు ఎలా చూస్తాయో నాకంటే నీకే బాగా తెలుసు కదా. తడి ఆకుకీ తెల్లదోమకీ తేడా చెప్పడానికి ఏడాది పట్టిందన్నావు. అక్కడ తప్పు జరిగితే ఒక చెట్టుకి ఊరికే వేపనూనె కొడతారు. ఇప్పుడు అదే డ్రోన్‌ని మన ఊరి మీద ఎగరేసి ఊహించుకో. నడుముకి కత్తి, భుజాన తాడు వేసుకుని తోటలోకి వెళ్తున్న దింపు కార్మికుడు, గోదాట్లో నావ మీద నిలబడి గెడ వేస్తున్న సరంగు, పార భుజాన పెట్టుకుని గట్టు మీద నడుస్తున్న ఆ కుర్రాడు. పైనుంచి చూస్తే ముగ్గురూ ఒకటే, పొడుగాటి వస్తువు పట్టుకున్న మగమనిషి. పార పట్టుకున్నవాడు బోదె తవ్వుతున్నాడా, బాంబు పాతుతున్నాడా అన్నది వాడి ఆకారంలో ఉండదు. ఇది దాళ్వా రోజులని, వంతు నీళ్లు రాత్రి వస్తాయని, ఈ కుర్రాడు ఫలానావారి అబ్బాయని తెలిసినవాడికే అది తెలుస్తుంది.

యుద్ధానికీ చట్టం ఉందమ్మా, చాలామంది లేదనుకుంటారు. 1949 జెనీవా ఒప్పందాల్ని మన దేశం 1950లోనే ఆమోదించింది, వాటికోసం 1960లో పార్లమెంటు చట్టమే చేసింది. 1977లో వాటికి అదనపు ప్రోటోకాల్ వచ్చింది. అందులో మనం చేరలేదు గానీ దానిలోని ముఖ్యమైన నియమాలు ఆచారంగా అన్ని దేశాల మీదా ఉన్నాయి. పోరాడేవాడినీ పోరాడనివాడినీ వేరుచేసి చూడాలి. గాయపడి పడిపోయినవాడిని, చేతులెత్తేసినవాడిని కొట్టకూడదు. శత్రువుని కొట్టేటప్పుడు కూడా దానివల్ల మామూలు జనానికి జరిగే నష్టం, వచ్చే సైనిక ప్రయోజనాన్ని మించిపోకూడదు. కొట్టేముందు వీలైన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి, పరిస్థితి మారిందని తెలిస్తే ఆపెయ్యాలి.

ఇందులో నష్టం మించిపోకూడదన్న నియమం దగ్గరే నాకు అనుమానం ఎక్కువ. ఒక ట్యాంకు పక్కన ఇద్దరు పిల్లలున్నారు, కొట్టొచ్చా? అది కూడికా తీసివేతా కాదు, తీర్పు. నేను ముప్పై అయిదేళ్లు కోర్టుల్లో తిరిగాను. జడ్జి తీర్పు చెబితే సరిపోదు, ఎందుకు అలా చెప్పాడో కారణాలు రాయాలి, రాయకపోతే పైకోర్టు ఆ తీర్పుని కొట్టేస్తుంది. నీ ప్రోగ్రాం ఒక మనిషిని 91 శాతం శత్రువు అని చెబుతుంది, ఎందుకు అలా అనుకున్నావ్ అని అడిగితే ఏం చెబుతుంది? తయారు చేసినవాళ్లు కూడా పూర్తిగా చెప్పలేరు కదా. కారణం చెప్పలేని దాని చేతికి ఉరిశిక్ష వేసే అధికారం ఇవ్వడం నా మనసుకి ఏ మాత్రం ఒప్పదు.

అలాగని మీ పెదనాన్నగారి మాట తీసిపారెయ్యను. ఆయన చెప్పింది అనుభవంతో చెప్పింది. 1988 జులై 3న పర్షియన్ గల్ఫ్‌లో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని యుద్ధవిమానం అనుకుని కూల్చేసింది. 290 మంది పోయారు, వాళ్లలో 66 మంది పిల్లలు. ఆ నౌకలో ఏజిస్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. విమానం పైకి ఎక్కుతోందనే అది రికార్డు చేసింది. కంగారులో ఉన్న సిబ్బంది మాత్రం కిందికి దిగుతోంది, మన మీదకే వస్తోంది అనుకున్నారు. అంటే అక్కడ మిషను సరిగ్గానే చూసింది, మనుషులు భయంతో తప్పు చదివారు. పెదనాన్నగారి వాదనకి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

కానీ ఆయనకి 2003 సంగతి కూడా చెప్పు. ఇరాక్ యుద్ధంలో మార్చి 23న అమెరికా పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ, తమ మిత్రులైన బ్రిటన్‌వాళ్ల టొర్నాడో విమానాన్నే శత్రువు క్షిపణి అని గుర్తుపట్టింది. దగ్గర మనుషులున్నారు, ఆపే అధికారమూ ఉంది. తెర మీద వచ్చినదాన్ని నమ్మారు, విమానంలో ఇద్దరూ పోయారు. పది రోజులు తిరగ్గానే ఏప్రిల్ 2న తమ సొంత ఎఫ్ఏ-18 విమానాన్నే కూల్చుకున్నారు, పైలట్ చనిపోయాడు. అందుకే ఎవరైనా "చివర్లో ఒక మనిషి మీట నొక్కుతాడు కదా" అంటే అక్కడితో ఆగిపోకు. ఆ మనిషికి ఎంత సమయం ఇస్తున్నారు, చూడడానికి ఏం ఇస్తున్నారు, వద్దు అంటే మిషను వింటుందా, వద్దన్నందుకు పైఅధికారి తిడతాడా అన్నది చూడాలి. మూడు సెకన్లలో సరే నొక్కే మనిషి రబ్బరు స్టాంపుతో సమానం.

పెదనాన్నగారి వాదనలో నేను పూర్తిగా జవాబు చెప్పలేని భాగం ఒకటుంది, దాన్ని దాచను. ఉక్రెయిన్ యుద్ధంలో జామర్లు పెట్టి డ్రోన్‌కీ దాన్ని నడిపేవాడికీ మధ్య సిగ్నల్ తెంపేస్తున్నారు. సిగ్నల్ పోయాక కూడా డ్రోన్ పని చెయ్యాలంటే చివరి దూరం అదే సొంతంగా వెళ్లి కొట్టాలి. అందుకే రెండు వైపులా ఆ దిక్కుకే పరిగెడుతున్నారు. ఎదుటివాడు చేస్తుంటే మనం చేతులు ముడుచుకు కూర్చోవాలా అని సుబేదారుగారు అడిగితే, కూర్చోమని నేను అనలేను. మన దగ్గర కూడా 2025 మేలో సరిహద్దుకి రెండు వైపులా డ్రోన్లు ఎలా ఎగిరాయో అందరం టీవీల్లో చూశాం. సిగ్నల్ తెగినప్పుడు డ్రోన్ ఏం చెయ్యాలన్నది మాత్రం ముందే ఎవరో నిర్ణయించి రాస్తారు. ముందే మనిషి ఎంచి చూపించిన ట్యాంకు మీదకి వెళ్లాలా, లేక అక్కడ కనిపించినవాళ్లలో ఎవరినో తనే ఎంచుకోవాలా? ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. అది రాసేది నువ్వే కావచ్చు.

ఇక ప్రపంచం ఏమనుకుంటోంది అంటావా, ఈ ఆయుధాల మీద దేశాలన్నీ జెనీవాలో 2014 నుంచీ మాట్లాడుతూనే ఉన్నాయి. 2017, 2018లో అక్కడ చర్చలు నడిపిన నిపుణుల బృందానికి అధ్యక్షత వహించింది మన రాయబారి అమన్‌దీప్ సింగ్ గిల్. 2019లో 11 మార్గదర్శక సూత్రాల మీద అందరూ ఒప్పుకున్నారు, ఆయుధం వాడకం మీద బాధ్యత మనిషిదే, దాన్ని యంత్రానికి బదిలీ చెయ్యడం కుదరదు అన్నది వాటిలో ఒకటి. కానీ సూత్రాలు ఒప్పందం కావు. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో ఈ ఆయుధాల మీద మొదటి తీర్మానం పెడితే 152 దేశాలు సరేనన్నాయి, నాలుగు వద్దన్నాయి, ఆ నాలుగిటిలో మన దేశం ఒకటి. చర్చ జెనీవా వేదిక మీదే జరగాలని, కట్టుబడి ఉండాల్సిన ఒప్పందానికి ఇంకా సమయం రాలేదని మనవాళ్ల వాదన. మన ఇరుగుపొరుగు ఎవరో తెలుసు కాబట్టి ఆ జంకు నాకు అర్థమవుతుంది, కానీ ఆ ఓటు నాకు నచ్చలేదు. కళ్లు పోగొట్టే లేజర్ ఆయుధాల్ని 1995లో యుద్ధంలోకి దిగకముందే నిషేధించారు. జనం గుడ్డివాళ్లయ్యేదాకా ఎవరూ ఆగలేదు.

రెడ్‌క్రాస్ వాళ్లు 2021లో ఒక గీత గీశారు, నాకు అది సబబుగా అనిపించింది. మనుషుల్ని గురిపెట్టేలా చేసినవి వద్దు, ఏం చేస్తుందో ముందుగా చెప్పలేనివి వద్దు, మిగతావాటికి చోటు, సమయం, లక్ష్యం అన్నిటికీ హద్దులు పెట్టండి, మనిషి పర్యవేక్షణ ఉంచండి అన్నారు. నీకూ అదే చెబుతాను. ఓడ మీదకి వస్తున్న క్షిపణిని గాల్లోనే కొట్టే వ్యవస్థ మీద పని చెయ్యమంటే హాయిగా చెయ్యి, అది ప్రాణాలు కాపాడుతుంది. మనుషుల్ని ముఖం, నడక, చేతిలో వస్తువు చూసి తనే ఎంచుకుని చంపే ప్రోగ్రాం రాయమంటే రాయకు. ఇందులో నేను నీళ్లు నమలను.

కేసు సంగతికి వద్దాం. యుద్ధంలో సైన్యం వాడిన ఆయుధానికి ప్రోగ్రాం రాసిన ఇంజనీరు మీద కేసు పడే అవకాశం ఇవాళ్టి చట్టాల ప్రకారం చాలా తక్కువ. తెలిసి తెలిసి యుద్ధ నేరానికి సాయం చేశారని రుజువైతే తప్ప ఆ మాట రాదు. పైగా అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో మన దేశం సభ్యురాలు కాదు. కాబట్టి పోలీసులు మీ ఇంటికొస్తారన్న భయం పెట్టుకోకు. నన్ను బాధపెట్టేది దానికి వ్యతిరేకమైన సంగతి. రేపు ఆ డ్రోన్ ఒక పెళ్లి బృందాన్ని కొడితే, మిషను చెప్పింది నమ్మానని కమాండర్ అంటాడు, వాడకం మా చేతిలో లేదని మీ కంపెనీ అంటుంది, మిషన్ని జైల్లో పెట్టలేరు. చచ్చిపోయినవాళ్లు మాత్రం ఉంటారు, చంపినవాడు ఉండడు. మా రైతుని కోర్టు పట్టుకోగలిగింది, ఎందుకంటే తీగకీ స్విచ్‌కీ మధ్య అతనొక్కడే ఉన్నాడు.

ఒక్కడే అన్నాను గానీ, ఆ కేసులో రెండో ముద్దాయి ఉన్నాడు. తీగ లాగి షెడ్డులోంచి లైను కలిపి ఇచ్చిన ఎలక్ట్రీషియన్. సాక్ష్యం సరిపోక కోర్టు వదిలేసింది. తీర్పు వచ్చిన రోజు సాయంత్రం మా ఆఫీసుకొచ్చి బల్ల మీద కూర్చున్నాడు, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఎన్ని మీటర్లు కావాలో అడిగానండి, ఎంత ఎత్తులో కట్టాలో అడిగానండి, డబ్బులెప్పుడిస్తావో కూడా అడిగానండి. రాత్రి గట్టు మీదకి ఎవరైనా వస్తారా అని మాత్రం అడగలేదండి." మీ మేనేజర్ మనకేం సంబంధం అన్నారని రాశావు చూడు, అప్పుడు నాకు ఆ మనిషి ముఖం కనిపించింది.

అందుకని రేపే రాజీనామా చెయ్యకు. ముందు ఆ ప్రశ్న అడుగు. నోటితో కాదు, ఆఫీసు మెయిల్‌లో, మర్యాదగా, ఇంజనీరు అడిగే పద్ధతిలో అడుగు. ఇది వెతికేది మనుషుల్నా, వాహనాల్నా? ఎంత మేర, ఎంతసేపు తిరుగుతుంది? వదిలాక వెనక్కి పిలవగలమా? సిగ్నల్ తెగితే ఆగిపోతుందా, కొడుతుందా? చేతులెత్తేసినవాణ్ణి, కుంటుతూ పోతున్నవాణ్ణి ఏమనుకుంటుంది, ఆ పరీక్ష ఎవరు చేశారు? ఏ ఊళ్లో, ఏ జనం ఫొటోలతో నేర్పారు? అనుమతిచ్చే అధికారి ఎవరు, అతనికి ఎన్ని సెకన్లు? ఏ ప్రశ్నకీ జవాబు రాకపోతే అదే జవాబు అనుకో. జవాబులు వచ్చి, అనుమతి మనిషి చేతిలో ఉండేలా మార్చడానికి ఒప్పుకుంటే, ఆ టీంలో నీలాంటిది ఉండడమే మంచిది. నువ్వు తప్పుకుంటే ఆ కుర్చీలో ఈ ప్రశ్నలు తట్టనివాడు కూర్చుంటాడు.

ఒప్పుకోకపోతే పాత పనికి మార్చమని రాతపూర్వకంగా అడుగు. అదీ కుదరదంటే వేరే ఉద్యోగం చూసుకుని, చేతిలో ఆఫర్ పడ్డాక బయటికి రా. లోను వాయిదాలు ఆగకూడదు, తమ్ముడి ఫీజు ఆగకూడదు. మానేశాక వేరే కంపెనీలో చేరకూడదని నీ అపాయింట్‌మెంట్ కాగితాల్లో రాసుంటే దానికి భయపడకు, 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం అలాంటి షరతు చెల్లదు. రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు మాత్రం ఉద్యోగం మానేశాక కూడా చెల్లుతుంది, దాన్ని గౌరవించాలి. బాండు ఏమైనా రాసిచ్చి ఉంటే మానేసేముందు, కొత్తగా రాసిమ్మంటే సంతకం పెట్టేముందు దగ్గర్లోని లేబర్ లాయరుకి ఒకసారి చూపించు, దానికి పెద్ద ఖర్చవదు.

ఇంకొక్క సంగతి. పండక్కి ఊరెళ్లినప్పుడు పెదనాన్నగారి దగ్గర తీరుబడిగా కూర్చుని, ఈ డ్రోన్ల గొడవ ఎత్తకుండా, ఒకటి అడుగు. అన్నేళ్ల సర్వీసులో తుపాకీ ఎక్కుపెట్టి, కాల్చే హక్కు ఉండి కూడా కాల్చకుండా దించేసిన రోజు ఏదైనా ఉందా, ఆ రోజు ఏం చూసి ఆగిపోయారు అని. ఆయన చెప్పింది విను. చెప్పడానికి ఆయనకి అభ్యంతరం లేకపోతే నాకూ రాయి.